వానపాములను అరువు తెచ్చుకున్న ఊరు

ఒక సీమలో నెలల తరబడి ఆకాశం వైపు చూడనిచ్చి, ఇంకో సీమలో ఇక చాలు తండ్రీ అనిపించేదాకా కురిపించి, రెండు చోట్లా మనుషులకు అన్నం పెడుతున్న దేవునికి స్తోత్రం. పొడి నేలా ఆయనదే, బురద నేలా ఆయనదే. ఈ రెంటికీ మధ్య ఒక్క రాత్రి రైలు ప్రయాణమే పెట్టి, నాలాంటి అనంతపురం మనిషిని క్షేమంగా తీసుకెళ్ళి, క్షేమంగా తెచ్చి, మధ్యలో కడుపుబ్బ నవ్వించినందుకు మరీ మరీ స్తోత్రం.

నిజానికి నేను కృష్ణా డెల్టా చూడాలని బయలుదేరలేదు. మా చెల్లెలి కూతురు సునీతకు తోడు వెళ్ళాను. సునీత వ్యవసాయం చదువుకుంది. ఒక ఊళ్ళో సేద్యం ఇప్పుడున్నట్టే సాగితే మనవళ్ళ కాలానికి ఆ నేల మిగులుతుందా లేదా అని కొలవడం ఆ పిల్ల పని. మట్టిలో ప్రాణం ఎంత ఉంది, పొలంలోకి వచ్చిన నీళ్ళు మళ్ళీ బయటికి పోతున్నాయా, మందులు ఎన్నిసార్లు కొడుతున్నారు, ఆడవాళ్ళ నడుములు ఎంతవరకు నిలుస్తున్నాయి, అన్నిటికీ మార్కులుంటాయి. ఆ మార్కులు వ్యవసాయానికి ప్రణాళికలు వేసేవాళ్ళ బల్ల మీదకు వెళ్తాయి. ఎక్కడ మార్కులు తక్కువో అక్కడ ముందు మురుగు కాలువలు తవ్వించాలని, పచ్చిరొట్ట విత్తనాలు ఇవ్వాలని వాళ్ళ ఆలోచన.

ఈ చివరి సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదని సునీత రైలెక్కక ముందే నా దగ్గర మాట తీసుకుంది. ఒట్టు వేయించుకోవాలనే చూసింది గానీ, ఒట్లు వేయడం మా విశ్వాసంలో లేదని చెబితే మాటతో సరిపెట్టుకుంది.

"తెలిస్తే అందరూ ఏడుపు మొహాలు పెడతారు పెద్దమ్మా. కొలత పాడైపోతుంది" అంది.

పాపం, ఆ పిల్లకు డెల్టావాళ్ళు తెలియదు. నాకూ తెలియదు.

గవర్నర్‌పేట

తెల్లవారాక విజయవాడలో దిగి గవర్నర్‌పేటలో ఒక లాడ్జికి వెళ్ళాం. కౌంటర్లో ఉన్న పెద్దమనిషి కొండ మీద అమ్మవారి దర్శనానికి వచ్చారా అని అడిగాడు. కాదు, కంకిపాడు వైపు పొలాలు కొలవడానికి వచ్చామంది సునీత. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మాకు కిటికీ ఉన్న గది ఇచ్చాడు. కాఫీ తెప్పించాడు. కొనేదేదో ఇప్పుడే కొనెయ్యమని సలహా కూడా ఇచ్చాడు. మేం కొనడానికి రాలేదు, మట్టి ఆరోగ్యం చూడటానికి వచ్చామని నేను ఓపికగా వివరించాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "బేరం ముందే బయటపెట్టకూడదు లెండి, నాకు తెలుసు" అన్నాడు.

విజయవాడలో పొలం కొలవడానికి ఒక్కటే అర్థం. ఆటో అతనూ అదే అనుకున్నాడు. టిఫిన్ హోటల్లో ఇడ్లీ వడ్డించినతనూ అదే అనుకున్నాడు. మేం స్థలాలవాళ్ళం కాదు నాయనా, గుంట తవ్వి వానపాములు లెక్కపెడతాం అన్నాను. అతను చట్నీ గిన్నె పట్టుకుని కాసేపు ఆలోచించి, "వాస్తుకా అండీ?" అని అడిగాడు.

ఇడ్లీ సంగతి చెప్పాలి. నేతిలో మునిగి వచ్చింది. పక్కన కారప్పొడి, అల్లం పచ్చడి, కొబ్బరి చట్నీ. ప్లేటు నలభై ఐదు రూపాయలు. ఆ డబ్బుకు మా ఊళ్ళో ఉగ్గాని తిని, బజ్జీలు తిని, టీ తాగి, ఇంకా ఎవరి మీదైనా ఒక వ్యాఖ్యానం చేసి ఇంటికి రావచ్చు. కానీ ఆ అల్లం పచ్చడి తిన్నాక నా నోట ఫిర్యాదు రాలేదు.

భవానీపురం

మరునాడు ఆదివారం. ప్రయాణంలో ఉన్నా ఆరాధన మానకూడదని నా నియమం. భవానీపురంలో ఒక మేడ మీద చిన్న సంఘం కూడుతుందని తెలిసి వెళ్ళాం. మా ఊరి సంఘంలో డప్పు, తాళాలు. ఇక్కడ కీబోర్డు, పెద్ద పెద్ద స్పీకర్లు. పాట మొదలవగానే కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. వాక్యం మాత్రం చక్కగా చెప్పారు.

ఆ తర్వాత ప్రార్థన అవసరతలు చెప్పుకునే వేళ వచ్చింది. అక్కడ నాకు మా ఊరే గుర్తొచ్చింది. ఒకావిడ లేచి మోకాలి నొప్పి కోసం ప్రార్థించమంది. పక్కావిడ లేచి తనకు రెండు మోకాళ్ళూ నొప్పే అంది. మూడో ఆవిడ రెండు మోకాళ్ళతో పాటు భర్తను కూడా చేర్చింది. పాస్టరుగారు ఆపకపోతే ఆ మేడ మీద ఆరోగ్యంగా ఉన్న అవయవం ఒక్కటీ మిగిలేది కాదు. సంతోషాలు చెప్పమంటే గొంతు సవరించుకుంటూ కూర్చుంటాం గానీ, కష్టాలకు మాత్రం మనలో ఎవరూ రెండో స్థానం ఒప్పుకోరు. ఉత్తరాన పుట్టినా దక్షిణాన పుట్టినా విశ్వాసి విశ్వాసే.

కంకిపాడు దాటాక

సోమవారం బస్సెక్కాం. రోడ్డు పక్కనే కాలువ, దాని పక్కన పొలం, మళ్ళీ ఇంకో కాలువ. మా వైపు ట్యాంకరు వస్తుంటే బిందెలతో పరుగెత్తేవాళ్ళం. కాలువ కనిపించినప్పుడల్లా స్తోత్రం చెబుదామని మొదలుపెట్టి, కంకిపాడు రాకముందే గొంతెండి మానేశాను.

మేం వెళ్ళిన ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లూ మార్చాను. ఆ ఊరి రైతులకు పెద్దదిక్కు రాఘవయ్యగారు. తెల్లటి పంచె, తెల్లటి మీసం, అంతకన్నా తెల్లటి నవ్వు. ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు మమ్మల్ని గుమ్మంలోంచి నేరుగా భోజనానికి కూర్చోబెట్టారు. ముద్దపప్పు, గోంగూర, రొయ్యల వేపుడు, చేపల పులుసు, చాకుతో కోయాల్సిన పెరుగు. మా వైపు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వడ్డన ఆగుతుంది. ఇక్కడ చేతి మీదే వడ్డిస్తారు.

పులుసు పోస్తూనే అన్నపూర్ణమ్మగారు ఊరి కబుర్లన్నీ చెప్పారు. ఊరి చివర మురుగు కాలువ పక్కన కోటేశ్వరమ్మ అనే ఆమె రెండెకరాలు కౌలుకు చేస్తోందట. కాలువ పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుపోయి, తుపాను వచ్చినప్పుడల్లా ఆమె చేను మునుగుతోందట. మొన్న వానకు చేను పడిపోయి కంకులు మొలకెత్తాయట. ఉగాదికి కౌలు వదిలేసి గవర్నర్‌పేటలో బట్టల కొట్లో పనికి చేరతానంటోందట.

"మట్టంటే ప్రాణం పెట్టే మనిషండీ. ఎలా చీరలు మడతపెడుతుందో" అన్నారు అన్నపూర్ణమ్మగారు, నా అన్నం మీద ఇంకో గరిటె పోస్తూ.

సునీత నా వైపు చూసింది. నేను సునీత వైపు చూశాను. ఈ ఊరి కాలువకు మార్కులు అవసరం. మంచి మార్కులు కాదు, చెడ్డవి.

ఎర్రజెండా గుంట

భోజనాలయ్యాక పొలానికి వెళ్ళాం. రాఘవయ్యగారి మాగాణి మధ్యలో ఒక కర్ర పాతి, దానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. ఇక్కడ తవ్వండమ్మా అన్నారాయన. ఎక్కడ తవ్వాలో ముందే నిర్ణయమై ఉంటుందని సునీత చెప్పబోయి, పెద్దాయన మాట తీసెయ్యలేక, మర్యాదకు అక్కడ కూడా ఒక గుంట తవ్వడానికి ఒప్పుకుంది.

పద్ధతి సులువైనదే, సునీత ఊరివాళ్ళకు ఫోన్లో ముందే చెప్పింది కూడా. మూరెడు చదరాన, జానెడు లోతున మట్టి తీసి, గుడ్డ మీద పరిచి, వానపాములను ఏరి లెక్కపెట్టాలి. ఎన్ని ఉంటే నేల అంత బతికి ఉన్నట్టు. నెలల తరబడి నీళ్ళు నిలిచిన వరి నేలలో నాలుగైదు కనిపిస్తే గొప్ప అని సునీత దారిలోనే చెప్పింది.

పార పడీ పడగానే పెళ్ళివారు దిగినట్టు దిగాయి. ఒకదాని మీద ఒకటి, ఎర్రగా, బలంగా, కడిగినట్టు మెరుస్తూ. అన్నీ పైపొరలోనే, అన్నీ ఒక్కచోటే. చుట్టూ నిలబడ్డ ఊరివాళ్ళు గర్వంగా ఒకరినొకరు చూసుకున్నారు. రాఘవయ్యగారు మీసం దువ్వి, మా ఊరి మట్టి అలాంటిదండీ అన్నారు.

సునీత మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెడుతోంది. అంతలో గట్టు మీదకు ఒక సైకిలు వచ్చింది. కొల్లేరు వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే సాంబయ్య అట. దిగి, చెమట తుడుచుకుని, రాఘవయ్యగారిని తన డబ్బా ఇప్పించమని అడిగాడు. గాలాలకు వెళ్ళాలి, గాలానికి గుచ్చే ఎర్రలు మళ్ళీ నింపుకోవాలి అన్నాడు. అప్పుడే అతని చూపు సునీత గుడ్డ మీద పడింది.

"అదేంటండీ, ఇవి మావేగా" అన్నాడు.

ఒక పెద్దాయన కొంగలను చూడటం మొదలుపెట్టాడు. గుడ్డ మీది అతిథులు మాత్రం ఏ సిగ్గూ లేకుండా తలో దిక్కుకూ బయలుదేరాయి. నేను పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

రాఘవయ్యగారు తొణకలేదు. ఆ మర్యాద నేను మరిచిపోలేను.

"ఇంటికి చుట్టాలొస్తున్నారంటే సున్నం వేయిస్తాం కదమ్మా" అన్నారు. "పొలానికీ అంతే."

తర్వాత సునీత తన పద్ధతి ప్రకారం వేరే చోట్ల తవ్వితే ఒక్కో గుంటలో ఒకటీ రెండూ వచ్చాయి. అవి సాంబయ్యవి కావని అతనే స్వయంగా చూసి ధ్రువపరిచాడు. ఆ వరి నేలకు అది చెడ్డ లెక్కేం కాదు. రాఘవయ్యగారి పొలాలు నిజంగానే బాగున్నాయి. అదే అసలు చిక్కు. కాలువ పక్క పొలం లెక్కలో చేరకపోతే ఊరంతా పచ్చగా తేలుతుంది. దున్నేవాళ్ళ అనుమతి లేకుండా మాత్రం సునీత పార ముట్టదు.

కోటేశ్వరమ్మను అడిగాం. నలభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళ అంచున ఎండిన బురద గీత. నీళ్ళు నిలుస్తాయా అని అడిగితే మా పొలం అద్దంలా ఉంటుందండీ అంది. చూద్దామా అంటే, "అటు దారి బాగోదండీ, మీ చెప్పులు పాడవుతాయి" అంది. ఊరి పరువు కాపాడాలని ముందురోజే రాఘవయ్యగారు అందరికీ చెప్పారట. ఎంత చక్కగా కాపాడుతోందంటే, కాలువ తవ్వించే అవకాశాన్ని రెండు చేతులా కాలువలోకి తోసేస్తోంది. అది చెప్పడానికి నాకు నోరు లేదు. మాట ఇచ్చాను. తప్పుడు తూకం దేవునికి గిట్టదని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేదాన్ని, మాట తప్పితే ఇక తూకంలో నన్నే వెయ్యాలి.

అన్నపూర్ణమ్మగారి అరుగు

మరునాడు ఆడవాళ్ళతో మాట్లాడటం నా వంతు. అరుగు మీద పదిమంది దాకా కూర్చున్నారు. నేను ఏ ప్రశ్న అడిగినా జవాబు ఒకటే. అంతా బాగుందండీ. మందుల వాసనకు తలనొప్పి వస్తుందా? అబ్బే. నాట్ల కాలంలో నడుములు? భేషుగ్గా ఉంటాయండీ. ఇంత సుఖంగా ఉన్న పదిమందిని నేను పరలోకంలో చూస్తాననుకున్నాను గానీ, కృష్ణా జిల్లాలో అనుకోలేదు.

విసుగొచ్చి ప్రశ్నలు పక్కన పెట్టేశాను. నేను ప్రార్థన చేసుకునే మనిషిని, మీకేమైనా అవసరాలుంటే చెప్పండి, నా దేవునికి చెబుతాను, ఈ అరుగు దాటి ఎవరికీ చెప్పను అన్నాను. నిజంగానే అన్నాను, ఎత్తుగడగా కాదు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మా దుర్గమ్మకు ఎప్పుడో చెప్పుకున్నామండీ" అంది ఒక ముసలావిడ. "మీ యేసయ్యకూ చెప్పండి. ఎవరికి ముందు వీలైతే వాళ్ళు చూస్తారు."

నా నాలుక చివరకు ఒక ప్రసంగం వచ్చింది. మింగేశాను. నడుము నొప్పి అని ఆమె మొదలుపెట్టింది. ఇక చూడండి, భవానీపురం మేడ దిగి వచ్చి ఈ అరుగు మీద కూర్చుంది. ఒకామెకు నడుముతో పాటు మెడ. ఇంకొకామెకు మందు కొట్టిన రోజున వాంతులు. మరొకామె మినుములు చల్లితే కుళ్ళిపోయాయంది. ఆఖర్న కోటేశ్వరమ్మ, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. ఆ కాలువ తెరుచుకోవాలండీ, లేకపోతే నేను పొలం వదిలెయ్యాలి, నాకు ఇంకో పని చాతకాదు అంది.

పేరు పేరునా ప్రార్థన చేశాను. పేర్లు మార్చి ఇవి ఇక్కడ రాయడానికి తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు. అన్నపూర్ణమ్మగారు కూడా కళ్ళు మూసుకున్నారు.

సాయంత్రం సునీత ఏం చెప్పారని అడిగింది. చెప్పను అన్నాను. ప్రార్థనకు ఇచ్చిన సంగతి బయట పెట్టకూడదు. ఆ పిల్ల తల పట్టుకుంది. "ఊరివాళ్ళకు చెప్పకూడనిది నా కోసం దాచావు, నాకు చెప్పాల్సింది వాళ్ళ కోసం దాచావు. నిన్ను దేనికి తీసుకొచ్చాను పెద్దమ్మా?" అంది. నాకూ అదే సందేహం. అలా రెండువైపులా నోరు కుట్టుకుని మాట్లాడకుండా కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారని మా ఇంట్లోవాళ్ళు సాక్ష్యమిస్తారు.

మురుగు కాలువ గట్టు

మరునాడు పొద్దున్నే కోటేశ్వరమ్మే వచ్చింది, భుజం మీద పార పెట్టుకుని.

"దేవుడి దగ్గరొకటి, ఈ అమ్మాయి దగ్గరొకటి చెబితే కళ్ళు పోతాయండీ. పదండి, చెప్పులు ఇక్కడే వదిలెయ్యండి" అంది.

రాఘవయ్యగారు వీధి మలుపులో ఎదురయ్యారు. ఆ పొలం చూపిస్తే ఊరి పరువేం కాను అని నెమ్మదిగానే మందలించారు. కోటేశ్వరమ్మ ఆగి, తల వంచుకునే, స్పష్టంగా జవాబు చెప్పింది.

"మీ పొలంలో పరువు పండుతుంది బాబాయిగారూ. నా పొలంలో నీళ్ళే నిలుస్తాయి."

ఆయన పంచె ఎగ్గట్టి, మా వెనకే నడిచారు.

కాలువ కనిపించలేదు. గుర్రపుడెక్క మాత్రం కనిపించింది, ఊదారంగు పూలతో, పెళ్ళి పందిరిలాగా. దాని పక్కన రెండెకరాల్లో చేను నేలకు కరుచుకుని ఉంది. నేను మడమల దాకా దిగాను. రెండో అడుగుకు మోకాళ్ళ దాకా దిగాను. మూడో అడుగు వెయ్యలేదు, కూర్చున్నాను. అనంతపురం జిల్లాలో యాభై ఏళ్ళు వెతికినా దొరకనంత బురద ఒక్క నిమిషంలో నా ఒంటి మీదకు వచ్చింది. నన్ను లాగడానికి రాఘవయ్యగారు చెయ్యిచ్చారు. ఆయనా కూర్చున్నారు. అందరూ నవ్వారు, ఆయన కూడా. అక్కడితో మా మధ్య పరువు సమస్య తీరిపోయింది.

సునీత గట్టు వారన, నీరు తీసిన చోట తవ్వింది. మట్టి నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో వచ్చింది. అంచుల్లో తెల్లగా చౌడు. గుడ్డ మీద ఎంత వెతికినా కదిలేది ఒక్కటీ లేదు. కోటేశ్వరమ్మ కూడా వంగి, వేళ్ళతో మట్టిగడ్డలు చిదిమి చూసింది.

"ఒక్కటైనా లేదా అండీ?" అని అడిగింది.

లేదమ్మా అంది సునీత.

ఆమె మొహం చిన్నబోయింది. పరీక్ష తప్పిన పిల్లలా చేతులు చీరకు తుడుచుకుంది. ఆ గుంటే ఆమెకు వచ్చిన మంచి కబురని చెప్పడానికి నా నోట్లో మాట గిలగిల్లాడింది. నోరు మూసుకుని ఆమె వీపు నిమిరాను. నా చేతి బురద ఆమె జాకెట్టుకు అంటింది.

ఆ మధ్యాహ్నం రాఘవయ్యగారింట్లో మళ్ళీ భోజనం. ఊరికి మార్కులు తగ్గించిన అతిథులని వడ్డన ఏమాత్రం తగ్గలేదు. పైగా పూర్ణాలు కూడా వేశారు.

తిరిగి వచ్చాక

చలికాలంలో వెళ్ళిన ప్రయాణం ఇది. ఇప్పుడు ఎండలు ముదిరాయి. సునీత తన నివేదిక పంపేసింది. కాలువలు తవ్వే ఊళ్ళ జాబితా ఇంకా రాలేదు, అది వచ్చేదాకా నా మాట చెల్లుతూనే ఉంటుంది. ఈలోగా ఉగాది వచ్చి వెళ్ళింది. కోటేశ్వరమ్మ ఏం చేసిందోనని నాకు నిద్ర పట్టలేదు. పోయిన వారం ఆమే ఫోన్ చేసింది.

"కౌలు వదల్లేదు అక్కయ్యగారూ" అంది. "ఆ మార్కులు నా పేరు మీద ఉండగా ఎలా వదులుతానండీ? వెనకొచ్చినవాడు నన్ను చూసి నవ్వడూ?"

తొలకరికి పచ్చిరొట్ట కోసం జీలుగ చల్లి, కలియదున్ని, వచ్చేసారి మేం కొలవడానికి వస్తే తలెత్తుకుని నిలబడుతుందట. బట్టల కొట్టు మాటే ఎత్తలేదు. ఆఖర్న ఒక అవసరత చెప్పింది. ఈ ఏడు పంపిన కాగితంలోనే ఎలాగైనా తన పొలానికి మార్కులు పెంచమని మీ యేసయ్యకు చెప్పండి అంది. ఇది మాత్రం నలుగురికీ చెప్పి నలుగురి చేతా అడిగించండి అని తనే అంది. సరేనమ్మా, నీ పొలం కోసం అడుగుతాను అన్నాను. ఫోన్ పెట్టేశాక మోకాళ్ళ మీద కూర్చున్నాను గానీ ఆ మాట అడగలేకపోయాను. ఆమె అడిగింది అడిగితే ఆమె మునుగుతుంది.

అందుకని ఇది చదువుతున్న అక్కలారా, అన్నలారా, నాతో కలిసి మీరూ ఇలా అడగండి. తండ్రీ, ఆ రెండెకరాల మీద పడ్డ మార్కులను ఎవరి జాలీ దిద్దకుండా కాపాడు. ఆ కాగితాన్ని చేరాల్సిన చేతికి చేర్చు. తుపానుల కాలానికి ముందే ఆ కాలువలోకి తవ్వే యంత్రాన్ని దించు. నీ కుమార్తె కోటేశ్వరమ్మ అడిగిన మార్కులు వచ్చే ఏడాది నిండుగా, పొంగిపొర్లేటట్టు ఇవ్వు. ఈ ఏడాదికి మాత్రం దయచేసి ఆమె మాట వినకు.